ఇరవై గ్రాముల గీత

నా బావమరిది పన్నెండేళ్ళు లోపలుంటాడా, రెండేళ్ళుంటాడా అన్నది తేల్చిన కాటా మా కొట్టుదే. ఆ సంగతి నాకు తెలిసేసరికి వాడు రిమాండులో పద్దెనిమిది రోజులు గడిపేశాడు.

నేను కాటాలు బాగుచేస్తాను. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టి మా నాన్న కొట్లో కూర్చున్నవాణ్ణి, ఇప్పటికీ లేవలేదు. కూరగాయల బండి కాటా నుంచి మందుల షాపు కాటా దాకా నా చేతికి రావాల్సిందే. సరిచూసి సీసం ముద్ర నొక్కుతాను. ముద్ర ఉంటే తూకం చెల్లుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఆ సీసం బిళ్ళను చూస్తారు తప్ప కాటాను చూడరు.

మూడేళ్ళ కిందట కొత్త చట్టం వచ్చింది. మత్తు మాత్రలు ఇరవై గ్రాములు దాటి దొరికితే అమ్మేవాడి కింద లెక్క. పన్నెండేళ్ళు. జడ్జి కూడా ఒక్క రోజు తగ్గించడానికి లేదు. ఇరవై లోపైతే వాడుకునేవాడు. రెండేళ్ళు, అందులో సగం చికిత్స కేంద్రంలో. ఆ రోజు టీ కొట్టు దగ్గర చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. "పన్నెండేం సరిపోతుంది, ఉరి తియ్యాలి వెధవల్ని" అన్నాను. పక్క బెంచీ మీద మా ఆవిడ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వాడికి వినబడాలనే గొంతు పెంచాను.

వాడు గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. అందరూ కుంచె అనే పిలుస్తారు. ఆరేళ్ళ కిందట పరంజా మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి డాక్టరు మాత్రలు రాశాడు. కొన్నాళ్ళకి డాక్టరు రాయడం మానేశాడు, వీడు మింగడం మానలేదు. అక్కణ్ణించి అవి ఎక్కడ దొరుకుతాయో వెతుక్కున్నాడు.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ లాయరు ఇచ్చిన కాగితాలు పట్టుకుని కొట్టుకి వచ్చింది. చదవమన్నాను.

"దొరికిన సరుకు, కవరుతో సహా, ఇరవై ఐదు గ్రాములు..."

"ఇరవై ఐదు పాయింటు ఎంత?"

"పాయింటేమీ లేదు. ఇరవై ఐదంతే. ఏవండీ, అలా అయిపోయారేంటి?"

నా కళ్ళు పై అరమీదికి వెళ్ళాయి. పోలీసు స్టేషన్‌వాళ్ళ చిన్న కాటా అక్కడుంది. గ్రాములో నూరో వంతు కూడా చూపించేది. లోపలి భాగం ఒకటి చెడితే ఎనిమిది నెలల కిందట పంపారు. ఇవాళ తెప్పిద్దాం, రేపు తెప్పిద్దాం అంటూ దుమ్ము పట్టించాను. అప్పటిదాకా వాడుకోమని మా కొట్లో ఉన్న కూరగాయల కాటా ఇచ్చి పంపాను. అది ఐదేసి గ్రాముల మెట్లలో చూపిస్తుంది. పదిహేను, ఇరవై, ఇరవై ఐదు, అంతే. మధ్యలో ఏమున్నా దానికి తెలీదు. వంద గ్రాముల లోపు తూకం చెల్లదని దాని ఒంటి మీదే రేకు మీద కొట్టి ఉంటుంది. స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు నన్నడిగింది ఒక్కటే: "ముద్ర ఉందా?" ఉందన్నాను. కూరగాయలకు వేసిన ముద్ర మనుషులకి పనికిరాదేమోనని నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు.

మా ఆవిడకి చెప్పాను. బల్ల అంచు పట్టుకుంది.

"అయితే వెళ్ళి చెప్పండి."

"చెప్తే నా లైసెన్సు పోతుంది."

"పోనివ్వండి."

ఆ మాట అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఇంకో మాట అంటే పోట్లాడేవాణ్ణి.

మర్నాడు జైలుకి వెళ్ళాను. మధ్యలో ఇనప జాలీ, పది నిమిషాలు. కుంచె చిక్కిపోయాడు గాని నోరు చిక్కలేదు.

"ఏం బావా, చూడ్డానికొచ్చావా? ఉరి తాడు కొలత తీసుకోడానికొచ్చావా?"

"నోర్ముయ్. కవర్లో ఎంత ఉంది?"

"నేనేమన్నా తూచుకుని మింగుతానా? నెలకి సరిపడా. ఇదివరకు వారానికోసారి తెచ్చుకునేవాణ్ణి. చట్టమొచ్చాక భయమేసి, మాటిమాటికీ వెళ్ళడమెందుకని నెలకోసారి చేశా."

"పన్నెండేళ్ళని తెలీదట్రా నీకు?"

వాడు నవ్వాడు. "నాకు తెలీకపోవడమేంటి! ఊళ్ళో నలభై గోడల మీద ఆ పన్నెండు రాసిందెవరనుకున్నావ్? మునిసిపాలిటీ పని. అడుగున్నర ఎత్తు, ఎర్రక్షరాలు. ఒక్క ఒత్తు తప్పు పోలేదు చూసుకో."

"రాస్తుంటే భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యలేదు? ఆ రోజు రెండు ఎక్కువేసుకున్నా."

పక్క జాలీ దగ్గరున్న ముసలాయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"అమ్మేవాళ్ళకైనా బుద్ధి రాలేదా?"

"వాళ్ళకేం బావా, జేబులో పది గ్రాములు మించి పెట్టుకోరు. ఆ లెక్క నీకంటే బాగా తెలుసు వాళ్ళకి. నెల సరుకు అడిగితే మూడు చేతుల మీదుగా ఇస్తారు. ఎక్కడికి రావాలంటే, పన్నెండేళ్ళ గోడ దగ్గర నుంచో అంటారు. గుర్తు బాగుంటుందట."

"చికిత్సకి పోయి చావొచ్చుగా మరి?"

"పోయా. గుమ్మం దాకా. పేరు, ఇల్లు, ఎవరి దగ్గర కొంటున్నావ్, ఇవన్నీ రాసే కాగితం పెట్టారు. ఇదెక్కడికి వెళ్తుందమ్మా అనడిగా. ఆవిడ మంచిది పాపం, అబద్ధం చెప్పలేదు, స్టేషన్‌కే అంది." జాలీలోంచి వేలు పెట్టి తుప్పు గీకాడు. "ఎన్నేళ్ళు అన్నది కాదు బావా. ఆరేళ్ళలో ఒక్కడూ నన్ను ఆపి అడగలేదు. దొరకననుకునేవాడికి పన్నెండేంటి, నూట ఇరవయ్యేంటి? రేపు పొద్దున్న ఖాయంగా పట్టుకుంటారు, రెండు రోజులు కూర్చోబెడతారు అని ఉంటే, ఏమో, అప్పుడు మానేద్దునేమో."

కాటా సంగతి చెప్పాను. వాడి నవ్వు పోయింది. జాలీ దగ్గరికి జరిగాడు.

"అంటే రెండేళ్ళేనా నాకు?"

"తూస్తే తెలుస్తుంది."

వచ్చేటప్పుడు బస్సులో వాడి మీద కోపంగానే ఉండాలని చాలా ప్రయత్నించాను. భయపెడితే మానతారని నేననుకున్నాను. వాడు భయపడ్డాడు కూడా. భయపడి నెల సరుకు ఒకేసారి కొన్నాడు, భయపడి చికిత్స గుమ్మం దిగిపోయాడు. భయం తన పని తాను చేసింది, అది మేమనుకున్న పని కాదు. ఇది టీ కొట్టు దగ్గర చెప్తే నన్నెవరు వింటారు? మొన్నటిదాకా వినిపించింది నేనే.

ఎనిమిది నెలలు రాని భాగాన్ని నాలుగు రోజుల్లో తెప్పించాను. కోర్టులో లాయరమ్మ మళ్ళీ తూకం వెయ్యమని అర్జీ పెట్టింది. నేను బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాను. సర్కారు లాయరు లేచాడు.

"ముద్దాయి మీకేమవుతాడు?"

"నా భార్య తమ్ముడండీ."

"అందుకని ఎనిమిది నెలల తర్వాత గుర్తొచ్చిందన్నమాట."

"అవునండీ. మావాడు కాకపోతే గుర్తొచ్చేది కాదు."

ఆయన కూర్చున్నాడు. ఆ కూరగాయల కాటా మీద ఇంకెన్ని కేసులు తూచారని జడ్జిగారు రైటరుని అడిగారు. మరో పది అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. జడ్జిగారు రాసుకుని, మళ్ళీ తూకం వెయ్యమన్నారు.

ఫ్యాన్లు ఆపించి, బల్ల మీద బాగుచేసిన చిన్న కాటా పెట్టి, మట్టం చూపే నీటి బుడగ మధ్యకి వచ్చేదాకా దాని కాళ్ళు సరిచేశాను. అరగంట వేడెక్కనిచ్చి, తూకపు రాళ్ళు పెట్టి చూపించాను, సరిపోయింది. తూనికల ఆఫీసరు పక్కనే నిలబడ్డాడు గాని, స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా ఆయనకి తెలీదు. వెనక కాగితమంత సందులో ఒక స్క్రూ ఉంటుంది. పావు వంతు తిప్పితే గ్రామున్నర తగ్గుతుంది. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడో బెంచీలో మా ఆవిడ నా చేతులే చూస్తోంది. స్క్రూడ్రైవరు ఆ సందులో పెట్టాను. పెట్టి, తీసేశాను. నిజాయితీ అనుకోకండి. ముప్ఫై ఏళ్ళుగా సున్నా దగ్గర ఆపడానికి అలవాటుపడిన చెయ్యి, ఇంకో చోట ఆగలేదు, అంతే.

రాళ్ళు పెట్టి చూపించాను, సరిపోయింది. తర్వాత కవరు పక్కన పెట్టి మాత్రలు మాత్రమే గిన్నెలో పోశారు. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి.

ఇరవై పాయింటు ఎనభై నాలుగు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇరవై దాటింది. చట్టం నాకు వెసులుబాటు ఇవ్వలేదు" అన్నారు. ఆయనకి కూడా ఆ మాట రుచించినట్టు లేదు. వారం తర్వాత అదే తీర్పు వచ్చింది, పన్నెండేళ్ళు.

వ్యాను ఎక్కించేముందు కుంచె నా దగ్గర ఆగాడు. కానిస్టేబులు లాగలేదు.

"పాయింటు ఎనభై నాలుగంటే ఎన్ని మాత్రలు బావా?"

"మూడు."

వాడు వేళ్ళు చూసుకున్నాడు. "పట్టుకోకముందు మూడు రోజులు, తగ్గిద్దామని రోజుకొకటి మానుకున్నా" అన్నాడు. "ఆ మూడూ మింగేసి ఉంటే సరిపోయేది." అని వ్యానెక్కాడు.

మిగతా పది కవర్లలో సరుకూ ఆ చిన్న కాటా మీదే మళ్ళీ తూచారు. నాలుగు ఇరవై లోపు వచ్చాయి. నా లైసెన్సు రద్దయింది. ఆ నలుగురిలో ఒకడి తల్లి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మా ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. మా ఆవిడ ఆమెని కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, వీధి చివరి దాకా వెళ్ళి బస్సెక్కించి వచ్చింది. వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"ఆ రోజు మీరు దేన్నో తిప్పబోయి ఆగారు."

"ఊఁ."

"తిప్పుంటే వాడు రెండేళ్ళకి వచ్చేసేవాడా?"

"వచ్చేసేవాడు."

తలూపింది. ఆ తల్లి తాగిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి, చాలాసేపు తోమింది.