వెదురు పోయిన పెరడు

అత్తగారి నోటి నుంచి ‘ప’ అనే అక్షరం తొలిసారి తొట్రుపాటు లేకుండా వచ్చిన రోజునే పక్కింటివాళ్లు వెదురు నరికించారు.

ఆవిడ రైల్వే స్టేషన్‌లో ప్రకటనలు చేసి రిటైరైన మనిషి. ఏ బండి ఎంత ఆలస్యమో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు కాబట్టి ఊళ్లో సగం మందికి ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. కూరగాయల కొట్లో బేరం ఆడుతుంటే పక్కనున్నవాళ్లు తలతిప్పి చూసేవారు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. స్పృహ వచ్చాక ఆవిడ ముందు వెతుక్కున్నది కాలినీ కాదు, చేతినీ కాదు, మాటని. అది ముద్దముద్దగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చింది. ఆ రోజు నుంచి చుట్టాలొచ్చినా పడకగది తలుపు వేసెయ్యమని ఎడమ చేత్తో సైగ చేసేవారు.

ఆవిడ మాట పూర్తిగా అర్థమయ్యేది ఒక్క కోడలికే. కోడలు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దున్నే అత్తగారిని పెరట్లోకి తీసుకెళ్లేది. వాకర్ పట్టించి నడిపించడం, తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి నోటి కసరత్తులు. బుగ్గలు పూరించాలి, నాలుక బయటపెట్టి అటూ ఇటూ తిప్పాలి, అక్షరాలు గట్టిగా పలకాలి. గోడ నడుమెత్తే అయినా, అవతల పక్కింటివాళ్ల వెదురు గుబురుగా పెరిగి ఉండేది కాబట్టి ఆవిడ మొహమాటపడకుండా అన్నీ చేసేవారు.

పక్కిల్లు కొత్తగా కొన్నది టైల్స్ షాపాయన. వెదురు కొట్టించి, ఆ చోట మట్టి పోసి ఎత్తుగా అరుగు కట్టించాడు. దాని మీద నిగనిగలాడే టైల్స్ పరిపించి, కుర్చీలు వేయించి, పెద్ద గొడుగు పెట్టించాడు. అక్కడ కూర్చుంటే వీళ్ల పెరడు అరచేతిలో ఉన్నట్టే. ఆరేసిన బట్టలు, వంటింటి గుమ్మం, కుర్చీ, వాకర్ అన్నీ కనబడతాయి.

అత్తగారు పెరటి గుమ్మం దాకా వచ్చి, ఆ బోసి గోడని చూసి, వాకర్ వెనక్కి తిప్పుకున్నారు. మర్నాడు అసలు మంచమే దిగలేదు.

“ఇలా మానేస్తే కాలు బిగుసుకుపోతుంది,” అంది వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయి. “గదిలో నడిపించండి, పోనీ.”

గదిలో మంచం, బీరువా పోగా మిగిలింది వాకర్ తిరగడానికే చాలదు.

కోడలు టైల్స్ ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. సంగతంతా విన్నాడు.

“చూడమ్మా, ఆ వెదురు మా స్థలంలోది. పొద్దస్తమానం ఆకు రాల్చడం, వేళ్లు డ్రైనేజీలోకి పోవడం. తీయించేశాం. తప్పా?”

“తప్పని కాదండీ. మా అత్తయ్యకి ఒంట్లో బాలేదు. ఎవరైనా చూస్తారంటే బయటికి రావట్లేదు. అటు అంచున ఏదైనా కాస్త అడ్డం పెట్టిస్తే...”

“మేమేం మీ ఇంట్లోకి చూస్తూ కూర్చుంటామా ఏంటి? మాకు వేరే పనుల్లేవా?”

నవ్వుతూనే అన్నాడు. కోడలికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇంకేమీ అనలేక లేచి వచ్చేసింది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తగువులంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. “వాళ్ల స్థలం, వాళ్లిష్టం. మనమే ఏదో చేసుకుందాం,” అని నర్సరీల్లో కట్టే పచ్చ వల ఒకటి కొనుక్కొచ్చి, బట్టలారేసే ఇనప కర్రలకి అడ్డంగా కట్టాడు. గాలికి అది తపతపా కొట్టుకునేది. రెండో రోజే టైల్స్ ఆయన భార్య గోడ దగ్గరికొచ్చింది.

“ఇదేంటండీ, జైల్లో కూర్చున్నట్టుంది మాకు! ఇంత ఖర్చుపెట్టి అరుగు కట్టుకుంది ఈ గుడ్డ చూడ్డానికా?”

“గుడ్డ మా పెరట్లో ఉంది కదండీ,” అంది కోడలు. నోరు జారినందుకు లోపల్లోపల భయమూ వేసింది, కాస్త హాయిగానూ అనిపించింది.

ఆ వల చాటున, ఎంతో బతిమాలాక, ఒక సాయంత్రం అత్తగారు బయటికి వచ్చారు. అటువైపు ఎవరో చుట్టాలున్నట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి. “వాళ్లకేం కనబడదు అత్తయ్యా, వల ఉందిగా,” అని కోడలు ధైర్యం చెప్పింది. అత్తగారు బుగ్గలు పూరించారు. నాలుక చాపారు. సరిగ్గా అప్పుడే గాలి విసురుకి వల పైకట్టు తెగి కుప్పగా కింద పడింది.

ఎదురుగా అరుగు. అరుగు మీద నలుగురైదుగురు మనుషులు. వాళ్లలోంచి ఒక ఆడగొంతు కిసుక్కున నవ్వింది.

అత్తగారి నాలుక లోపలికి పోవడానికి ఎంతసేపు పట్టిందో కోడలు చూసింది. అంతకన్నా ఘోరమైనది ఆమె ఆ రోజుల్లో ఇంకేదీ చూడలేదు.

రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. చెంచా పెదాల దగ్గర పెడితే పెదాలు బిగించేశారు. మర్నాడు పొద్దున కూడా అంతే. కొడుకు గిన్నె పట్టుకుని, “అమ్మా, ఒక్క ముద్ద, నా కోసం,” అని బతిమాలాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. అతను గిన్నె కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచాడు. ఆ నడక చూసి కోడలు కంగారుగా వెంటపడింది.

టైల్స్ ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నాడు.

“నిన్న నవ్విందెవరండీ?” అన్నాడు కొడుకు.

“ఏంటి?”

“మా అమ్మని చూసి నవ్విందెవరని అడుగుతున్నా!”

“గొంతు తగ్గించి మాట్లాడు. మా ఇంట్లో మేం నవ్వుకోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా? మీ ఇంట్లో జబ్బు మనిషుంటే మేం అరుగు కట్టుకోకూడదా?”

కొడుకు ఒక్క ఉదుటున గోడ మీద చేతులు ఆనించాడు. దూకేస్తాడనిపించి కోడలు అతని చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. టైల్స్ ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టి లేచాడు. లోపలి నుంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. “దూకు చూద్దాం, దూకు!” అంటున్నాడు ఆయన. తన భర్త ఎవరినైనా కొట్టగలడని కోడలికి అప్పటిదాకా తెలియదు.

అప్పుడు వెనక నుంచి టక్కుమని శబ్దమైంది. మళ్లీ ఒకసారి. అత్తగారు వాకర్‌తో గుమ్మం మెట్టు దిగుతున్నారు, ఎవరి సాయం లేకుండా. జుట్టు రేగిపోయి ఉంది. చీర కుచ్చెళ్లు నేల మీద జీరాడుతున్నాయి. కొడుకు పట్టుకోబోతే మోచేత్తో తోసేశారు. కుడికాలు ఈడ్చుకుంటూ గోడ దగ్గరిదాకా వచ్చి, తలెత్తి, మాట్లాడారు.

అటున్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. టైల్స్ ఆయన కోడలి వైపు చూశాడు.

‘ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదా? పడిపోయిన మనిషిని చూసి నవ్వుతారా?’ అన్నారు ఆవిడ. కోడలు మాత్రం, “మా అత్తయ్యకి కాస్త బాధగా ఉందంటున్నారండీ,” అంది.

వాకర్ నేలకి ఠంగున కొట్టుకుంది. “కా...దు!” అన్నారు అత్తగారు. ఆ మాట అందరికీ అర్థమైంది. కోడలి వైపు చూసిన చూపులో, ‘ఉన్నదున్నట్టు చెప్పు’ అని ఉంది.

కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాటా మింగలేదు.

టైల్స్ ఆయన ముఖం ఎర్రబడింది. “పెద్దమ్మగారూ, ఎవరూ మిమ్మల్ని చూసి...”

“నేనే నవ్వాను,” అంది ఆయన భార్య.

“నువ్వూరుకో.”

“ఊరుకోను. మిమ్మల్ని చూసే నవ్వానండీ. నాలుక బయటపెడితే ఏం చేస్తున్నారో తెలీలేదు, నవ్వొచ్చేసింది. తర్వాత మా అక్క చెప్పింది, వాళ్లింట్లోనూ ఒకరికి ఇలాగే అయిందట. రాత్రంతా నాకూ మనసు బాలేదు. రావడానికి ముఖం చెల్లలేదు.”

కొడుకు చేతులు గోడ మీంచి మెల్లగా జారాయి. అత్తగారు ఆమెని చాలాసేపు చూశారు. తర్వాత మళ్లీ ఏదో అన్నారు. ఈసారి మరీ మెల్లగా.

“నవ్వినందుకు క్షమించలేనంటున్నారు,” అంది కోడలు. “అబద్ధం చెప్పనందుకు మాత్రం సంతోషమంటున్నారు. అక్కడ ఏదైనా అడ్డం కట్టించండి, నాకు నడవడానికి వేరే చోటు లేదు, అంటున్నారు.”

టైల్స్ ఆయన ఒకసారి భార్య వైపు చూశాడు, కాఫీ కప్పు వైపు చూశాడు. “అడ్డమే కదా. చూద్దాంలెండి,” అన్నాడు, ఎటో చూస్తూ.

చూద్దామన్నవాడు చూడడేమో అనుకున్నారు గానీ, ఆ వారంలోనే వడ్రంగి వచ్చి అరుగు అంచున మనిషెత్తు చెక్క దడి కొట్టాడు. ఖర్చు సగం ఇస్తామని కొడుకు వెళ్తే టైల్స్ ఆయన తలుపు దగ్గరే వద్దనేశాడు, లోపలికి పిలవలేదు. రెండిళ్ల మధ్యా రాకపోకలంటూ ఏమీ మొదలవలేదు. ఎదురుపడితే తలూపుకుంటారు, అంతే. ఆయన భార్య మాత్రం అప్పుడప్పుడూ దడి అవతల నుంచి, “పెద్దమ్మగారికి ఎలా ఉంది?” అని అడుగుతుంది. అత్తగారు జవాబు చెప్పరు. కోడలే చెబుతుంది.

దడి కట్టిన మర్నాడు అత్తగారు పెరట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోడలు నడిపించడానికి వాకర్ దగ్గరికి జరపబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“అమ్మాయ్. ఆ రోజు... నా మాట... ఎందుకు మార్చావు?”

“గొడవ పెరుగుతుందని భయపడ్డాను అత్తయ్యా.”

ఆవిడ ఊపిరి కూడదీసుకున్నారు. ఒక్కో మాటకీ పెదాలు కష్టపడుతున్నాయి.

“నాకు... మాటే... పోయింది. మిగిలింది... నీ నోట్లో ఉంది. నువ్వూ మార్చేస్తే... నాకేం మిగులుతుంది?”

కోడలు ఆ మాటకి సిద్ధంగా లేదు. ముఖం తిప్పుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, “ఇంకెప్పుడూ మార్చనత్తయ్యా,” అంది.

“తిట్లు... కూడా.”

“తిట్లు కూడా.”

అప్పుడు గానీ ఆవిడ వాకర్ వైపు చెయ్యి చాపలేదు.