మా ఆయన వద్దన్న కొండదారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. కానీ ఆ ఆదివారం సాయంత్రం వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే. పెళ్ళయ్యాక మొదటిసారి వేరే దేశం చూడబోతున్నాం. టూర్లు బుక్ చేసే మా తమ్ముడు ఆ దేశం మ్యాపు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాడు. ఇటు ఎడారి, అటు సముద్రం, మధ్యలో పాత ఊళ్ళు, రోజూ సాయంత్రం పాటా ఆటా జరిగే రాతి నాట్యశాల. పైన మంచుకొండల్లో చెక్క ఇళ్ళు, ఇంటింటికీ ఓ మగ్గం. టైలరింగ్ షాపులో పొద్దస్తమానం గుడ్డ కత్తిరించే నాకు, ఆ మగ్గాల మీద గుడ్డ పుట్టడం ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది. అంతకుమించి నేను అడిగిందేమీ లేదు.

"అక్కడ వ్యాను అద్దెకి తీసుకుందాం. బావ ఉండగా వేరే డ్రైవరెందుకు, దండగ!" అన్నాడు తమ్ముడు.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతారు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన స్టీరింగ్ బాబాయే. ఎంత ఇరుకు సందులోనైనా ఆ బస్సుని సూదిలో దారం ఎక్కించినంత ఒడుపుగా దూరుస్తారు. అలాంటి మనిషి మ్యాపులో కొండదారి మీద వేలు పెట్టి, "ఇది వద్దు" అన్నారు.

"ఎందుకొద్దు?" అన్నాను.

"అన్నీ మలుపులే. పక్కన లోయ. సముద్రం చూసి వచ్చేద్దాం."

"పోనీ ఆ దారి వరకూ డ్రైవర్ని పెట్టుకుందాం."

"నేనుండగా ఇంకొకడా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అబ్బో, మా బావకి భయమేస్తోందే!" అని తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"మన చిట్టి ఉంటుంది బండిలో. దాన్ని పెట్టుకుని ఆ దారిలో నేను నడపను" అన్నారు గట్టిగా.

అప్పుడే మా చిట్టి కాఫీ తెచ్చి తండ్రి ఎడమచేతి పక్కన పెట్టింది. ఆయన మ్యాపు తన వైపు లాక్కోబోయారు. మోచెయ్యి తగిలి కప్పు బోర్లాపడింది. కాఫీ కొండల మీదంతా పారింది.

"ఎవరు పెట్టారిక్కడ?" అని కసిరారు.

"నీ పక్కనే పెట్టా కదా నాన్నా!" అంది అది బిక్కమొహం వేసుకుని.

గుడ్డతో బల్ల తుడుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. మొన్నామధ్య బస్సు గేటు స్తంభానికి రాసుకుంది. గీత పడింది ఎడమవైపే. నేను పక్కనుంచి తువ్వాలు అందిస్తే అందుకోరు, పరధ్యానం అనుకున్నాను. అన్నిటికీ మించి, బడి తెరిచినప్పటి నుంచి చిట్టి తండ్రి బస్సెక్కట్లేదు. బస్సులో దానికి వాంతులవుతాయని చెప్పి, పక్కింటి వదిన స్కూటీ మీద పంపిస్తున్నారు. మా చిట్టికి వాంతులా? రంగులరాట్నం దిగి ఇడ్లీలు తినే పిల్ల అది!

తమ్ముణ్ణి సాగనంపి లోపలికొచ్చాను. ఆయన ఎడమ భుజం పక్కన నిలబడి, చెవి దగ్గర చెయ్యి ఊపాను. తల తిప్పలేదు. కంటి దాకా తెచ్చాను. అయినా కదలలేదు.

"ఏవండీ."

ఉలిక్కిపడ్డారు.

"ఎప్పట్నుంచి?"

"బడి తెరవకముందే కళ్ళడాక్టరు చెప్పాడు. ఎడమ పక్క చూపు పోతోందట. పోయింది ఇక రాదట."

"పిల్లలు ఎక్కేదీ దిగేదీ ఆ పక్కేగా!"

"అద్దంలో వెతికి వెతికి చూసుకుంటున్నా. ఆ రూటు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు."

"మూసుకునేగా నడుపుతున్నారు!" అని అరిచాను.

"మెల్లిగా. చిట్టి వింటుంది. సెలవులిచ్చేదాకా ఓపిక పట్టు. ఈ టూరు అయ్యాక నేనే చెప్పేస్తా. స్టీరింగ్ లేకపోతే నేనెవర్నే?" అన్నారు.

దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ బస్సు దిగి ఎడమవైపు నుంచి పరిగెత్తే పిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"మన పిల్లని ఎక్కించుకోరు. ఎవరి పిల్లల్నో ఎక్కించుకుంటారా?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. పొద్దున చూస్తే మామూలుగానే యూనిఫాం తొడుక్కుని, బస్సు తాళం తీసుకుని బయల్దేరారు.

నేను పక్కింటి వదినకి ఇవాళ స్కూటీ వద్దని చెప్పేశాను. చిట్టికి జడ వేసి, సంచీ తగిలించి, సందు చివర ఆగి ఉన్న బస్సులో ఎక్కించి ముందు సీట్లో కూర్చోబెట్టాను.

"ఇవాళ ఇది మీతోనే వస్తుంది" అన్నాను.

"దించు దాన్ని."

"దించను. మీరు నడపగలిగితే నడపండి."

బస్సు దిగి ముందుకెళ్ళి నిలబడ్డాను. పిల్లని పణంగా పెట్టేంత కసాయిదాన్ని కాదు. బండి కదిలితే నా మీదుగానే కదలాలి. ఆయన ఇంజను స్టార్ట్ చేశారు. అద్దంలోంచి నన్ను చూశారు. వెనక్కి తిరిగి చిట్టిని చూశారు. అది హుషారుగా, "పోనీ నాన్నా!" అంది.

గేరు మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఇంజను ఆగింది. ఆయన ఫోను తీసి స్కూల్లో బస్సులు చూసే మేనేజరుకి చేశారు.

"సార్, నా రూటుకి వేరే డ్రైవర్ని పంపండి. ఇవాళ ఒక్కరోజుకి కాదు సార్. నాకు ఎడమ పక్క కనబడట్లేదు."

ఫోను పెట్టేసి స్టీరింగ్ మీద తల ఆనించుకున్నారు. నేను పైకెక్కి ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఇద్దరం ఏడ్చాం. సిగ్గేముంది?

"నాన్నా, మరి కొండలకి వెళ్ళమా?" అని అడిగింది చిట్టి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

ఆయన కళ్ళు తుడుచుకుని డ్రైవర్ సీట్లోంచి లేచారు. దాని సీటు దగ్గరికి వెళ్ళి, కాస్త తడబడి, కుడివైపు కూర్చున్నారు.

"వెళ్దాం. డ్రైవర్ని పెట్టుకుందాం. నువ్వు ఇలాగే నా ఎడమ పక్కన కూర్చో."