ఆకు వేసే యంత్రం

గుడుపల్లె దగ్గర మా ఊళ్లో, పట్టుపురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ పరాయివాళ్లు గడప తొక్కకూడదు. పురుగులకు రోగాలొస్తాయట. అందుకని ప్రతి పంటకూ పాతిక రోజులు నాతో ఆడుకోవడానికి ఒక్క పిల్లా వచ్చేది కాదు. నాన్న మదనపల్లెలో మగ్గం పనికి పోయి ఆదివారాలు వచ్చేవాడు. అమ్మ ఉండేది గానీ పురుగుల గదిలో ఉండేది. అన్నం నేనే పెట్టుకుని, నేనే తిని, నా కంచం నేనే కడిగేదాన్ని. అది 1997, నాకు పదేళ్లు.

పురుగులు గూళ్లు కట్టడానికి వాడే వెదురు చంద్రికలు కొట్టంలో గోడకు ఆనించి ఉండేవి. పంట చివరిదాకా వాటిని ఎవరూ కదపరు. వాటి వెనకే నా ప్రయోగశాల. గొడుగు ఊచలు, పాడైన టేప్‌రికార్డర్ మోటారు, సైకిల్ చక్రం నా ఆస్తి. చిలకలను తోలడానికని గిరగిరా తిరిగే బొమ్మ ఒకటి చేశాను. చిలకలు దాని మీదే కూర్చుని మా జామకాయలు తిన్నాయి. మా బర్రె మాత్రం బెదిరి, పలుపు తెంపుకుని పక్క ఊరిదాకా పరుగెత్తింది. ఆ బొమ్మ ఎవరు పెట్టారో నేను కూడా అందరితోపాటు ఆశ్చర్యపోయాను.

ఒకరోజు నాతో కూర్చుని తినమని అమ్మను అడిగాను. పురుగులకు ఆకు వేసే పని లేకుంటే తింటానంది. ఇంకేం, ఆకు వేసే యంత్రం మొదలుపెట్టాను. చక్రం మీదుగా తాడు, తాడుకు ఆకుల గంప. అమ్మ మల్బరీ తోటకు పోయినప్పుడు దాన్ని పురుగుల గదిలో కట్టి లాగాను. గంప సగం దూరం దర్జాగా పోయి ఆగింది. గట్టిగా లాగేసరికి తాడు తెగి, చక్రంతో సహా పురుగుల తట్టల మీద పడింది. నేలంతా పురుగులు.

తన్నులు ఖాయమనుకున్నాను. తోట నుంచి వచ్చిన అమ్మ కొట్టలేదు, నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. పురుగును నలగకుండా ఒక్కొక్కటే ఏరాలి, తొందరపడితే చస్తుంది. సాయంత్రం దాకా ఇద్దరం ఎదురెదురుగా ఏరుతూ కూర్చున్నాం. తను చిన్నప్పుడు పుంగనూరులో వాళ్ల మామ గడియారం విప్పి, మళ్లీ బిగించలేక బావి వెనక పూడ్చిపెట్టిన సంగతి అమ్మ చెప్పింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నాకు అంత సంతోషమైన రోజు అంతకుముందు లేదు.

మూడో రోజు పురుగుల గదిలో మళ్లీ తాడు కట్టాను. అమ్మ ఆకుల గంపతో గుమ్మంలో నిలబడి చూసింది. దగ్గరికొచ్చి ముడి పట్టుకుంది. అది వేలు తగలగానే ఊడిపోయింది.

"కావాలనే వొదులుగా ఏసినావు గదా?" అంది.

నేను తలొంచుకున్నాను.

"యాల అంబికా? పురుగులు సచ్చిపోవా? నాతో మాట్లాడాలంటే పిలిస్తే సాలదా?"

"పిలిస్తే రావు గదమ్మా."

ఆకు వేళ మించిపోతోంది, పురుగులు ఆకలికి తలలెత్తి ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. అమ్మకు వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, మొదటి తట్టలో ఆకు వేసింది.