ఆరు ఏయూలు

జమ్మలమడుగులో హుమాయున్ నెట్ సెంటర్ తెలియని ఇల్లు లేదు. రేషన్ కార్డులో పేరెక్కాలన్నా, హాల్ టికెట్ దిగాలన్నా, కువైట్‌కు పోయేవాళ్లకు టికెట్ కావాలన్నా అతని కుర్చీ ముందు నిలబడాల్సిందే. తనకు అర్థం కాని గడి ప్రభుత్వం ఇంకా కనిపెట్టలేదని అతని నమ్మకం. ఎవరైనా "అదేందో ఒకసారి చదివి చూడు మామా" అన్నారంటే ఒళ్లు మండేది. ఆ పొగరు అతణ్ణి ముంచి ఉంటే పీడా పోయేది. మునిగింది మాత్రం అతని మేనకోడలు జువేరియా.

జువేరియా అతని అక్క హసీనా కూతురు. పుస్తకం పట్టుకుంటే పక్కన పళ్లెంలో అన్నం ఎండిపోయే రకం. ఆమె ఇంటర్‌లో చేరిన ఏడాదే పులివెందుల సంబంధానికి పెద్దలు మాట ఇచ్చేశారు. అబ్బాయి అద్నాన్ కువైట్‌లో డ్రైవరు. పిల్ల డిగ్రీ చదవాలని పట్టుబట్టి రెండు రోజులు మెతుకు ముట్టకపోయేసరికి, అద్నాన్ తల్లి బీబీజాన్ కాస్త మెత్తబడింది.

"ఇంటర్ అయినాక రెండేండ్లు ఆగుతాం. మూడో ఏడు మాత్రం అడగొద్దండి" అంది.

డిగ్రీకి మూడేళ్లు, పెళ్లికి రెండేళ్లు. మధ్యలో తక్కువైన ఆ ఒక్క ఏడాదిని ఎక్కడి నుంచి తేవాలో తెలియక తల్లీ కూతుళ్లు కూలబడి ఉంటే, దారి చూపించింది హుమాయునే. పొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కొత్త పద్ధతి పెట్టింది. ఇంటర్ పిల్లలు ఆదివారం ఆదివారం వచ్చి డిగ్రీ మొదటి సంవత్సరం పాఠాలు వినొచ్చు, ఆరు పేపర్లు రాయొచ్చు. పాసైతే ఇంటర్ తర్వాత నేరుగా రెండో సంవత్సరంలోనే చేరొచ్చు.

"తక్కువైన ఏడాది దొరికిందిలే పాపా" అని హుమాయున్ అప్పటికప్పుడు ఫారం తెరిచాడు. చకచకా నింపుకుంటూ పోయాడు. చివర్లో రెండు గడులు వచ్చాయి. ఒకదాని పక్కన క్రెడిట్ అని, ఇంకోదాని పక్కన ఆడిట్ అని ఉంది. రెంటిలో ఒక్కటే పెట్టాలి.

"కాలేజీకి ఫోన్ చేసి అడుగుదామా మామా?" అంది జువేరియా.

"దీనికి ఫోనెందుకు? క్రెడిట్ అంటే అప్పు. కార్డు తీసుకోండి, కార్డు తీసుకోండి అని దినానికి నాలుగు ఫోన్లు వస్తాండాయి నాకు. ఆడిట్ అంటే ఏందనుకున్యావు? మొన్న మండలాఫీసుకు ఆడిటోళ్లు వస్తే ఆఫీసర్లకు చెమట్లు పట్టినాయి. ఒకసారి ఆడిట్ అయినాదంటే దాన్ని ఇంక ఎవురూ కదిలించలేరు."

అని ఆడిట్ గడిలో నొక్కాడు. జువేరియా ఫోన్ పక్కన పెట్టేసింది. మామ చేతి మీద ఆ ఇంట్లో అందరికీ అంత గురి.

రెండేళ్లు ఒక్క ఆదివారం కూడా మానలేదు ఆ పిల్ల. జ్వరమొచ్చినా చున్నీ తలకు చుట్టుకుని పొద్దుటూరు బస్సెక్కింది. ఆరు పేపర్లూ రాసింది. ఒక్కదానిలోనూ ఎనభైకి తక్కువ రాలేదు. మార్కుల పక్కన గ్రేడు అన్నచోట ఆరింటికీ ఏయూ అని ఇంగ్లీషులో రెండక్షరాలు ఉన్నాయి.

"ఏ అంటే విన్నాం, ఏ ప్లస్ అంటే విన్నాం. ఈ ఏయూ ఏంది పాపా?" అన్నాడు హుమాయున్.

జువేరియా పగలబడి నవ్వింది. "కెమిస్ట్రీలో ఏయూ అంటే బంగారం మామా!"

బంగారం అంగళ్లకు పేరుపడ్డ పొద్దుటూరు కాలేజీ ఇంకేం ఇస్తుందిలే అని ఇద్దరూ సంబరపడిపోయారు. హుమాయున్ ఆ మెమోకు ప్లాస్టిక్ తొడుగు వేయించి సెంటర్‌లో గోడకు తగిలించాడు. వచ్చినవాడల్లా దాన్ని చూసి, మెచ్చుకుని మరీ పోవాల్సి వచ్చింది.

ఇంటర్ ఫలితాలు వచ్చాక మామా కోడళ్లిద్దరూ రెండో సంవత్సరంలో చేరడానికి పొద్దుటూరు వెళ్లారు. అడ్మిషన్లు చూసే పావని మేడం మెమో తిప్పి చూసింది, కంప్యూటర్‌లో చూసింది, మళ్లీ మెమో చూసింది.

"ఈ అమ్మాయి ఆడిట్‌కు కదా పెట్టుకుంది సార్. ఆడిట్ అంటే కూర్చుని వినేదానికే. ఏయూ అంటే అదే. క్రెడిట్‌కు పెట్టి ఉంటే ఇవన్నీ డిగ్రీలో కలిసేవి."

"పరీచ్చలు రాసింది గదా మేడం. మార్కులు చూడండి."

"రాయనిస్తాం. మార్కులూ వేస్తాం. లెక్కలోకి రావు, అంతే. మొదటి నెలలో మార్చుకోవచ్చని ఫారంలో కిందనే ఉంది."

ఉంది. చిన్న అక్షరాల్లో, తెలుగులోనే ఉంది. హుమాయున్ తన జీవితంలో మొదటిసారి ఒక ఫారాన్ని చివరిదాకా చదివాడు.

"మొదటి సంవత్సరంలో చేరమ్మా" అంది పావని మేడం మెల్లగా. "ఇట్లాంటి మార్కులు మా సొంత పిల్లలకే రాలేదు. నాకూ బాధగానే ఉంది."

తిరుగు బస్సులో జువేరియా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చొచ్చని హుమాయున్ ఎదురుచూశాడు.

"నన్ను తిట్టు పాపా. నాలుగు తిట్లు తిట్టు" అన్నాడు చివరికి.

"తిడితే ఏడాది వస్తాదా మామా?"

మరునాడు అతనొక్కడే పులివెందుల వెళ్లాడు. తప్పు తనదేనని బీబీజాన్ ముందు చేతులు కట్టుకుని ఒప్పుకున్నాడు. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది ఆగమని బతిమాలాడు. ఆమె మంచినీళ్లిచ్చింది, టీ ఇచ్చింది, చెప్పిందంతా విన్నది.

"రెండేండ్లలో డిగ్రీ అంటివి, సరే అంటిమి. ఇప్పుడు మూడంటాండావు. రెండేండ్లు ఆగి సగం చదివిన పిల్లను తెచ్చుకునేదానికి, ఇప్పుడే తెచ్చుకుంటే పోదా? పిల్లకు పద్దెనిమిది నిండె గదా. వచ్చే నెల మావోడు లీవు మీద వస్తాండాడు. పాస్‌పోర్టు పని చూడుపో."

కాదనే వీలు లేదు. జువేరియా తండ్రి అస్లాం కువైట్‌లో ఉన్నది అద్నాన్ చిన్నాయన ఇప్పించిన వీసా మీద. సంగతి ఫోన్లో అస్లాంకు చెప్పారు. "కానియ్యండి" అన్నాడు. హసీనా రోజంతా వంటింట్లోనుంచి బయటికి రాలేదు. మూడేళ్లనుకుంటే రెండయి, రెండు కాస్తా సున్నా అయింది. మధ్యలో ఉన్నది హుమాయున్ వేలు ఒక్కటే. ఆ వేలు తెగి పడినా బాగుండేదని అతను నిజంగానే అనుకున్నాడు.

శుక్రవారం జువేరియా ఆధారూ పదో తరగతి మెమో పట్టుకుని సెంటర్‌కు వచ్చింది.

"లేయ్ మామా, నేను కూచుంటా."

అతను లేచి, ఎప్పుడూ గిరాకీలు నిలబడేచోట నిలబడ్డాడు. ఆమె పాస్‌పోర్టు ఫారం తెరిచి ఒక్కొక్క మాటా పైకి చదువుతూ, చదివినదాన్ని మళ్లీ చదువుతూ నింపింది. చదువు అన్నచోటికి వచ్చేసరికి ఆగింది. అక్కడ ఇంటర్ అనే మాటే లేదు. పది పాస్, ఆపైన అని ఒకటి, డిగ్రీ, ఆపైన అని ఇంకొకటి ఉన్నాయి. రెండింటినీ చాలాసేపు చూసి పది దగ్గర నొక్కింది.

"ఆదివారాలన్నీ 'ఆపైన'లోకే వస్తాయిలే" అంది, ఎవరితోనో అన్నట్టు.



తర్వాత వృత్తి. వరుసగా చాలా ఉన్నాయి. ఆమె వేలు హోమ్‌మేకర్ దాకా వచ్చి, దాన్ని దాటి కిందికి పోయి, స్టూడెంట్ దగ్గర నిలబడిపోయింది.

"స్టూడెంట్ అని పెడితే అబద్ధమైతాదా మామా?"

తల తిప్పి అతని ముఖంలోకి చూసింది, చిన్నప్పుడు లెక్క అడిగినట్టు. కాదు, పెట్టమ్మా అని చెప్పాలని అతని ప్రాణం కొట్టుకుంది. అయితే ఇంటర్ కాలేజీ ఆమెకు టీసీ ఇచ్చి పంపేసింది. డిగ్రీ కాలేజీ రిజిస్టరులో ఆమె పేరు ఎక్కలేదు. ఇంకొక తప్పు ఆ పిల్ల నెత్తిన పెట్టే ధైర్యం అతనిలో మిగల్లేదు.

"అయితాదమ్మా" అన్నాడు.

జువేరియా సరేనని తలూపి, పైనున్న హోమ్‌మేకర్‌ను ఎంచుకుని, తర్వాతి పేజీ చదవడం మొదలుపెట్టింది.