తుగ్యానీ పటం ముందు సక్కుబాయి

ఇటు జరుగు బిడ్డా, నా పక్కకొచ్చి కూచో. ఇది గొంతు పెంచి చెప్పే మాట కాదు.

పురానాపూల్ ఇవతల, మూసీ ఒడ్డున ఒక నవాబుగారి దేవిడి, అంటే పెద్ద మహలు, ఉండేది. ఆయన కాలం చేశాక బిడ్డ ఖుద్సియా బేగం పాత పటాలన్నీ ముందు హాల్లో వేలాడదీయించి ఊరి జనానికి చూపించసాగింది. ఒక్కో పటం ముందు నిలబడి దాని వెనకటి చరిత్ర చెప్పేవాడు ఆ ఇంటి పెత్తనం చూసే దారోగా నసీరుద్దీన్. బేస్తవారం మాత్రం ఆడవాళ్ల రోజు, మగపురుగు లోపల అడుగు పెట్టరాదు. మరి ఆ రోజు చెప్పేదెవరు? దుమ్ము దులిపే సక్కుబాయే. వినీ వినీ ఆమెకు అన్నీ కంఠతా వచ్చేశాయి.

అన్నిట్లో పెద్దది తుగ్యానీ పటం, అంటే వరద పటం. మూసీ పొంగి ఊరిని ముంచిన నాడు నవాబుగారు ఏనుగు మీద నుంచి వంగి, ఓ పసిపిల్లను నీళ్లలోంచి ఎత్తుకుంటున్నట్టు వేశారు. ఆ వరద వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు. ఒక బేస్తవారం ఎవరో ఆడమనిషి, "గంత నీళ్లల్ల ఏనుగు యాడికెల్లి వచ్చిందక్కా?" అని నవ్వింది. సక్కుబాయి నోరు జారింది.

"ఏనుగు లేదు, ఏం లేదు. గీ దేవిడి దర్వాజా మూసిర్రు. మా అమ్మ, నేను, ఇంక మస్తు మంది పొద్దెక్కే దాక కొట్టినం. మా తమ్ముడు అమ్మ సంకలకెల్లి జారిపోయిండు. మేమిద్దరం గోడెక్కి బతికినం."

ఆ మాట దారోగా చెవిన పడనే పడింది. మరుసటి బేస్తవారం పొద్దున్నే వచ్చి ఆమె అర్ర ముందు నిలబడ్డాడు.

"ఏందే సక్కుబాయ్, పటం గీసినోని కంటె నీకే ఎక్కువ ఎరుకనా? ఇయ్యాల బేగం సాహెబా పైన చిల్మన్ ఎనక కూసుని వింటదట. మల్ల గా లొల్లి తీసినవో, పొద్దుగూకేసరికి నీ మూటాముల్లె, నీ బిడ్డ, అన్నీ సడక్ మీదనే!"

బిడ్డ అంటే రాజమణి. నిండు నెలలతో పురిటికి వచ్చి ఉంది. దేవిడి వెనక ఆ ఒక్క అర్ర తప్ప తల్లీబిడ్డలకు తల దాచుకునే చోటు లేదు.

"అమ్మా, నీ చేతులేంది, నా కడుపుల పోరని లెక్క ఎగురుతున్నయ్?" అంది రాజమణి.

"ఏం లేదు బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని సక్కుబాయి చేతులు కొంగులో దాచుకుంది.

మధ్యాహ్నానికి హాలు నిండింది. పై వసారాకు కట్టిన చిల్మన్, ఆ సన్నటి వెదురు తడక వెనక పట్టుబట్ట సరసరలాడింది. మనిషి కనబడదు.  సక్కుబాయి ఒక్కో పటం దాటుతూ తుగ్యానీ పటం దగ్గరికి రానే వచ్చింది.

"నవాబుగారు... ఏనుగు మీద..."

అక్కడే ఆగిపోయింది. పటంలో పసిపిల్ల జుట్టు తడవనైనా తడవలేదు.

"పోయిన జుమేరాత్ ఏమో చెప్పినవట గదా?" తడక వెనక నుంచి గొంతు, దాదుల దగ్గర నేర్చిన తెలుగు. "గదే చెప్పు."

ఉచ్చు బిగుస్తోందనుకుంది సక్కుబాయి. ఏనుగు కథ చెప్పేస్తే అర్ర దక్కుతుంది, బిడ్డ చల్లగా కంటుంది. కానీ తమ్ముణ్ని రెండోసారి నీళ్లలో వదలడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్పింది, దర్వాజా, తమ్ముడు, గోడ, అంతా. "పొద్దెక్కే దాక కొట్టినం దొరసానీ."



"తప్పు" అంది బేగం.

సక్కుబాయి గోడ పట్టుకుంది.

"నువ్వు గోడెక్కినంక గూడ కొట్టినోళ్లున్నరు. మధ్యాహ్నం నమాజు పిలుపు, జొహర్ అజాన్ దాక కొట్టిర్రు. నాకు తొమ్మిదేండ్లు, లోపల మెట్ల మీద కూసుని చెవులు మూసుకున్న. కొట్టుడు ఆగినంకనే తెరిచిర్రు. ఇంకోపాలి తప్పు చెప్పకు."

అర్ర పోలేదు. రాజమణి అక్కడే కన్నది. నసీరుద్దీన్ మగవాళ్ల రోజుల్లో ఏనుగునే తోలుకున్నాడు. సక్కుబాయికి భయం పోయిందనుకునేవు, పోలేదు. బేస్తవారం వస్తే చాలు, గోడ పట్టుకునే ఆ పటం ముందు నిలబడేది. అలాగే చెప్పేది.

నువ్వు మరిచిపోకు బిడ్డా. నీ పిల్లలకూ చెప్పు. జొహర్ దాకా కొట్టారని చెప్పు, కొట్టడం ఆగాకే తెరిచారని చెప్పు.