గడప మీద వాయనం

పేర్రాజు బాత్రూంలోకి ఒక్కడే వెళ్ళి, ఇద్దరుగా బయటికి వస్తాడు.

వెనక వచ్చినావిడ వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని ఉంది. చేతులనిండా గాజులు, నుదుట పెద్ద బొట్టు, చంకకి ఒక బట్టసంచి. కుచ్చిళ్ళు ఎక్కడా తడవలేదు. డోర్‌మ్యాట్ మీద పాదాలు తుడుచుకుని, హాల్లో ఫ్యాను సరిగ్గా తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంటుంది. తొందరగా లేచే మనిషిలా లేదు.

ఆవిడెవరో హైమకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వారం కాకినాడలో ఆవిడ తిరగని ఇల్లు లేదు. కింద ఫ్లాటులో మొన్ననే దిగింది. వాళ్ళు పరువుగల మనుషులు కనక వాంతులనీ విరేచనాలనీ అనకుండా, "ఇంట్లో చుట్టాలున్నారండి" అని మాత్రం చెప్పి లిఫ్టు మూసేసుకున్నారు.

"ఏమండీ, నిన్న గృహప్రవేశంలో ఏం తిన్నారు?" అని అడుగుతుంది హైమ మొగుణ్ణి.

"ఏం తినలేదే. పానీపూరీ, పనసకాయ బిర్యానీ, రెండు రకాల ఐస్‌క్రీం. పెరుగన్నం జోలికే పోలేదు." పేర్రాజు పొట్ట పట్టుకుంటాడు. "ఇది ఉత్త గ్యాసు."

"గ్యాసు గాజులేసుకుంటుందా?"

"కొన్ని వేసుకుంటాయి."

పేర్రాజు దృష్టిలో జబ్బంటే గ్యాసొక్కటే. వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయినప్పుడు కూడా డాక్టరు వచ్చేదాకా అది గ్యాసుగానే ఉంది.

లోపలి గదిలో హైమ తల్లి కనకాంబ పడుకుని ఉంది. ఆవిడకి కీమో నడుస్తోంది. ఒంట్లో తెల్లకణాలు అడుగంటిపోయాయని డాక్టరు చెప్పాడు. "ఈ టైములో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఆవిడ తట్టుకోలేదమ్మా. ఇక మీ ఇష్టం" అన్నాడు. ఆ 'మీ ఇష్టం' అన్న మాటని హైమ జాగ్రత్తగా ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. అప్పట్నించీ అది అక్కడే కూర్చుని, వంటింట్లో ఆమె ఏం చేస్తోందో చూస్తూ ఉంటుంది.

అందుకని హైమ పనిలోకి దిగుతుంది. తల్లి గది గడప ముందు బ్లీచింగ్ పౌడరుతో గీత గీద్దామనుకుంటుంది. చెయ్యి ఊరుకోక నాలుగు పద్మాల ముగ్గు వేస్తుంది. తల్లి కంచం, గ్లాసు సలసల మరిగే నీళ్ళలో వేస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కుంటుంది, మళ్ళీ కడుక్కుంటుంది. కడిగీ కడిగీ అరచేతుల్లోని గీతలు ఊడి సింకులోకి జారతాయి. వాటిని టీ వడకట్టుతో పట్టి, పాత తువ్వాలు మీద ఆరేస్తుంది. ఆయుష్షు గీత అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. ధనరేఖ దొరకదు. మొదట్నించీ లేదేమో.

దేవుడి గదిలో శానిటైజరు సీసా ఒకటుంది. లాక్‌డౌన్ రోజుల్లో డజన్లకొద్దీ కొన్నవాటిలో మిగిలిన ఆఖరిది. పారెయ్యడానికి మనసొప్పక హైమ దానికి రోజూ కుంకుమ బొట్టు పెడుతోంది. ఇప్పుడు ఆ సీసా తెచ్చి, కుర్చీలో ఉన్నావిడ మీద చిలకరిస్తుంది.

ఆవిడ దాన్ని చెవుల వెనక అత్తరులా రాసుకుంటుంది. "బావుందండి. కొంచెం ఘాటు. దీంతో నాకేం కాదు. సబ్బు మాత్రం బొత్తిగా పడదు. ఆ తెల్లపొడి కూడా అంతే, ఒళ్ళు మంటెత్తిపోతుంది." దాపరికం లేని మనిషి.

"ఇంటికొచ్చిన ఆడమనిషిని అలా అవమానిస్తావేంటి?" అంటూ పేర్రాజు కాఫీ తెస్తాడు. షోకేసులోంచి పూల కప్పు దిగింది. పెళ్ళిలో చదివించిన ఆ కప్పులో హైమ ఇంతవరకూ కాఫీ తాగలేదు. వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని టీవీలో సీరియల్ చూస్తారు. ఏ పాత్ర ఎవరి కోడలో పేర్రాజు ఆవిడకి ఓపిగ్గా చెబుతాడు. మధ్యలో లేచి బాత్రూంలోకి పరిగెడతాడు, వచ్చి మళ్ళీ వదిలేసిన చోటినించి అందుకుంటాడు.

"అదిగో ఆ గది మా అత్తయ్యగారిదండి" అంటాడు. "ఒక్కత్తీ పడుంటుంది, పాపం. నా చేతిలో ఈ నీళ్ళ సీసా కూడా ఆవిడదే."

హైమ ఆ సీసా చూస్తుంది. తల్లి కోసం పొద్దున్నే కాచి చల్లార్చి విడిగా పెట్టిన నీళ్ళు. సగమైపోయాయి.

"అమ్మ సీసాతో తాగారా?"

"ఎత్తే తాగానే బాబూ. ఎంగిలి చెయ్యలేదు."

"ఎంగిలిదేముందండి" అంటుంది పట్టుచీరావిడ మర్యాదగా. "చెయ్యి తగిలితే చాలు నాకు."

పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి, ఒక్క సీసాతో అవతలి పక్షంలోకి వెళ్ళిపోయాడు. హైమ నీళ్ళు పారబోసి, సీసా మరగబెట్టి, కొత్త నీళ్ళు పొయ్యి మీద పెడుతుంది.

తిరిగి వచ్చేసరికి పట్టుచీరావిడ లేచి కనకాంబ గది ముందు నిలబడి ఉంది. ముగ్గు దగ్గర ఆగి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది. "ఎంత చక్కగా వేశారండి. తొక్కనులెండి" అని ఇవతలే పీట వాల్చుకుంటుంది.

సంచి విప్పుతుంది. నానబెట్టిన శనగలు, తమలపాకులు, అరటిపళ్ళు, ఒక మూర మల్లెపూలు, పసుపు, కుంకుమ, ఒక జాకెట్టు ముక్క. ఆ జాకెట్టు ముక్కని హైమ గుర్తుపడుతుంది. కిందటి శ్రావణంలో తను కింద ఫ్లాటావిడకి ఇచ్చిందే. అంతకుముందు అది తనకి వచ్చిందే. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ తిరుగుతుంది గానీ ఎవరూ కుట్టించుకోరు.

హైమ బయటి గడియ పట్టుకుని, మూసిన తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. "అదేదో నాకిచ్చెయ్యండి. నేను పుచ్చుకుంటాను. నా ఒళ్ళు గట్టిది."

"మీ వాటా ఎలాగూ మీ ఆయనిస్తారు. ఇది లోపలావిడకి." గొంతు సవరించుకుంటుంది. "కనకాంబగారూ, ఇస్తినమ్మా వాయనం."

హైమకి ఒక్కసారిగా ఊపిరి తేలికవుతుంది. "మీరు పొరపాటు పడ్డారండి. మా నాన్నగారు పోయారు. అమ్మకి వాయనం ఇవ్వకూడదు."

"ఎవరన్నారు?"

"ఒకరు అనేదేముందండీ. ఇవ్వరంతే."

"నాకలాంటి పట్టింపుల్లేవు" అంటుంది ఆవిడ. "నేను అందరికీ ఇస్తాను. ఇస్తినమ్మా వాయనం."

లోపల మంచం కిర్రుమంటుంది. పాదాలు నేలమీద ఈడ్చుకుంటూ తలుపుదాకా వచ్చిన చప్పుడు. ఆ తరవాత, దారప్పోగులాంటి గొంతు.

"పుచ్చుకుంటినమ్మా వాయనం."

"అమ్మా, ఊరుకో."

"ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మా వాయనం."

గడియ హైమ గుప్పిట్లో తడిసి, కరిగి, నురగగా కారిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది. కనకాంబ నేతచీర కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"నా వాయనం అందుకున్నదెవరమ్మా?" అని అడుగుతుంది పీటమీదావిడ. అలా అడిగితే లక్ష్మీదేవిననో పార్వతీదేవిననో చెప్పుకోవడం రివాజు.

"నేనే, కనకాంబని" అంటుంది తల్లి.

శనగలు ముగ్గు మీదుగా ఎగిరి వెళ్ళి కొంగులో పడతాయి. మల్లెపూలు కూడా వెళతాయి. జుట్టు లేని తల వెనక, జడ ఉండాల్సిన చోట, గాలిని పట్టుకుని నిలబడతాయి. బొట్టు దానంతటదే కుదురుకుంటుంది. కనకాంబ మంచం మీద కూర్చుని, శనగలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నములుతుంది.

"ఊసెయ్యమ్మా" అంటుంది హైమ. "నీకోసం నా చేతులు చూడు ఎలా అయిపోయాయో. ఆయన ముంచాడంటే సరే. నువ్వూనా? నువ్వు బతకాలనే కదే ఆ తలుపేసింది."

కనకాంబ ఆలోచిస్తుంది. "జబ్బు ఈ ఏడే కదే వచ్చింది, అమ్మడూ. తలుపు అంతకుముందునించే ఉందిగా. పేరంటాళ్ళొస్తున్నారంటే ముందు నా తలుపే పడేది. మీరంతా అక్కడ నవ్వుకునేవారు. నాకు శనగల వాసన మాత్రం వచ్చేది."

"పద్ధతి కదమ్మా. నువ్వు నేర్పిందే కదా."

"నేను నేర్పిందే" అని ఒప్పుకుంటుంది తల్లి. "బాగా నానాయే ఇవి."

పట్టుచీరావిడ పీట గోడకి ఆనించి, ఖాళీ సంచి మడత పెట్టుకుంటుంది. పేర్రాజు లిఫ్టుదాకా వెళ్ళి సాగనంపుతాడు. "వస్తూ ఉండండి" అనడం వినిపిస్తుంది. అతను ఆ మాట ఎవరితోనైనా అంటాడు.

హైమ గిన్నె తెస్తుంది. గ్లాసులో ఓఆర్ఎస్ కలుపుతుంది. ముగ్గు దాటి లోపలికి వెళ్ళి తల్లి వీపు మీద చెయ్యి వేస్తుంది. వీపులో ఎముకలు ఒకటొకటిగా తెలుస్తున్నాయి. ఇంత కోపంతో ఇంత మెత్తగా చెయ్యి వెయ్యగలనని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు.

"వస్తోందే" అంటుంది కనకాంబ.

గిన్నెలో టక్కుమని పడుతుంది. అది అన్నం కాదు, శనగలూ కాదు. అగ్గిపెట్టె అంత తలుపు. టేకుది, బందులతో సహా. గడియ బయటివైపు ఉంది. హైమ దాన్ని కడిగి, తుడిచి, కిటికీ గట్టు మీద పెడుతుంది. ఆ బుల్లి తలుపు అవతల్నించి సన్నగా ఆడవాళ్ళ నవ్వులు, గాజుల చప్పుడు. అందులో ఒక నవ్వు తనది.

ఇంకోటి పడుతుంది. ఆ వెనకే ఇంకోటి. తలుపు వచ్చినప్పుడల్లా కనకాంబ కొంచెం చిన్నదవుతోంది. పాదాలు నేలకి అందడం మానేశాయి. చీర చుట్టూ వదులైపోయి, మంచం మీద చిన్నపిల్లలా మిగిలింది. మొహం మాత్రం పేరంటానికి వెళ్ళొచ్చిన మొహంలా తేటగా ఉంది.

"అయిపోయాయామ్మా?" అని అడుగుతుంది హైమ, గ్లాసు పెదాలకి ఆనిస్తూ. "ఒక్క గుక్క తాగు."

కనకాంబ తల అడ్డంగా ఊపుతుంది. "గిన్నె చాలదు. రెండు చేతులూ పట్టు."

హైమ రెండు చేతులూ పడుతుంది. కనకాంబ నోరు తెరుస్తుంది, ఇంకా తెరుస్తుంది. పళ్ళ మధ్యనించి ముందుగా గడియ కనిపిస్తుంది. అది మామూలు తలుపు గడియంత ఉంది.