గడప ముందు ఓడ తాళం

ఆడపిల్లకి ముగ్గుల పిచ్చి ఉండొచ్చు, సినిమాల పిచ్చి ఉండొచ్చు, పూలపిచ్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. గవర్నర్‌పేటలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే వెంకటప్పయ్య కూతురు రామతులసికి మాత్రం తాళంకప్పల పిచ్చి. తాళంచెవి పోయిన కప్ప కొట్లో ఎక్కడ కనిపించినా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. విరిగిన గొడుగు ఊచని ఆకురాయితో సన్నగా రాసి, కొస వంచి, కన్నంలో దూర్చి, కళ్ళు మూసుకుని కదిపేది. కప్ప తెరుచుకుంటే ఆ రోజు ఇంట్లో పండగే. తెరిచిన కప్పని మళ్ళీ నొక్కేసి మళ్ళీ తీసేది. దోచుకున్నది లేదు, దాచుకున్నది లేదు. అదేం సరదా అని అడిగితే పాపం ఏం చెబుతుంది? సరదా అంటే సరదా, అంతే!

ఆ కప్పల్లో ఒకటి మాత్రం ఆమెని మూడు చెరువుల నీళ్ళు తాగించింది. బందరు రేవులో ఎవరో ఓడ కళాసీ అమ్మిన విదేశీ సరుకు అది. మామూలు కప్పలో పిన్నులనే బుల్లి కడ్డీలని ఒక ఊచతో ఒక్కొక్కటే పైకి నెడుతూ, ఇంకో ఊచతో తిప్పితే లోపలి గొట్టం తిరిగి కప్ప తెరుచుకుంటుంది. ఇందులోనూ గొట్టం తిరిగేది, కానీ ఆవగింజంత. అమ్మయ్య, వచ్చేసింది అనుకునేలోపే బిగుసుకుపోయేది. ఎంత గట్టిగా తిప్పితే అంత మొండికేసేది. వానాకాలమంతా దానితో కుస్తీ పట్టి, చివరికి ఒళ్ళు మండి, రంపంతో కోయించి చూసింది. పిన్నుల్లో కొన్ని దారపు రీలులా నడుము సన్నగా ఉన్నాయి. ఆ నడుము దగ్గర గొట్టం పట్టేసి, వచ్చేసినట్టు నమ్మిస్తోంది.

"ఓసి నీ దుంప తెగ! దొంగ తిరుగుడా నీది!" అని రామతులసి పగలబడి నవ్వింది.

అలా పట్టేసినప్పుడు బలం పనికిరాదు. తిప్పే చెయ్యి కాస్త వదులు చేసి, గొట్టాన్ని రవ్వంత వెనక్కి పోనివ్వాలి. అప్పటికే ఎక్కించిన పిన్ను ఒకటి జారి కింద పడ్డా ఓర్చుకుని, దాన్ని మళ్ళీ ఎక్కించుకోవాలి. తండ్రి అలాంటిదే ఇంకో కప్ప సంపాదించి తెచ్చాడు. అది తెరుచుకున్న రోజు రామతులసి వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

ఆ కేకకి తల్లి పద్మావతమ్మ గుండె గుభేలుమంది. "తాళాలు తీసే పిల్లని ఏ అత్తగారు ఇంట్లో పెట్టుకుంటుందే? చెంచా కనపడకపోయినా ముందు నీ మొహమే చూస్తారు" అని నెత్తి కొట్టుకుంది. మైలవరంలో మామిడితోటలున్న వెంకటసుబ్బారావుతో సంబంధం కుదిరాక కూతుర్ని కూర్చోబెట్టి మాట తీసుకుంది. "అత్తారింట్లో తాళంకప్ప మీద చెయ్యి వేశావంటే నా మీద ఒట్టే!"

అమ్మ మీద ఒట్టంటే ఇంకేం చేస్తుంది? రామతులసి గొడుగు ఊచలన్నీ పాత డబ్బాలో పడేసి, కళ్ళు తుడుచుకుని పీటల మీద కూర్చుంది.

పెళ్ళయింది. మర్నాడు పొద్దున్నే కారెక్కి మైలవరం బయల్దేరారు. తోడుగా పిన్ని సంపూర్ణమ్మ వచ్చింది. ఇబ్రహీంపట్నం దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కట్టడానికి సిమెంటు మోస్తున్న లారీలు రోడ్డంతా ఆక్రమించుకున్నాయి. వాటి వెనకాల దేకుతూ దేకుతూ చేరేసరికి, వర్జ్యం మీద పడటానికి ఎంతోసేపు లేదు.

అత్తగారు రావమ్మ వీధరుగు మీద హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. మనిషి మంచిదే గానీ, పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. వర్జ్యం రాకముందే కోడలు గడప దాటాలి, లోపల కుంపటి మీద పాలు ఆ పిల్ల కళ్ళముందే పొంగాలి. అదీ ఆమె పట్టు. పాలకి పిల్లి వస్తుందని పెరటి తలుపు లోపలి నుంచి తనే గడియపెట్టి మరీ వచ్చింది.

ఆడపడుచు మాణిక్యం ఊరుకుంటుందా? వీధి తలుపు రెక్కలు దగ్గరికి లాగి, గొళ్ళానికి పెద్ద కప్ప తగిలించింది. "మా తమ్ముడి పేరు చెబితేనే తలుపు తీసేది!" అంటూ అడ్డంగా నిలబడింది.

"వెంకటసుబ్బారావుగారు" అంది రామతులసి తలొంచుకుని. అందరూ గొల్లుమన్నారు.

మాణిక్యం నవ్వుతూ కప్పని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. ఆ ఇంట్లో మిగతా కప్పలన్నీ తాళంచెవి తిప్పితే గానీ పడనివి, ఊరికే తగిలించి వదిలేయొచ్చు. ఇది రావమ్మ తమ్ముడు విశాఖపట్నం నుంచి తెచ్చిన ఓడ తాళం. నొక్కితే చాలు, పడిపోతుంది.

"తాళంచెవి ఏదే?" అంది రావమ్మ.

"లోపల... తలుపు పక్క మేకుకుంది" అని మాణిక్యం బావురుమంది.

ఇక చూసుకోండి గోల! ఇంట్లో వాళ్ళంతా అరుగు మీదే ఉన్నారు, కిటికీలకి ఇనుప ఊచలు. ఎవరో గడ్డపార తెస్తామన్నారు. "కోడలు అడుగుపెట్టే గడప మీద గడ్డపారా? వీల్లేదు!" అని రావమ్మ గుడ్లురిమింది. లోపల్నుంచి పాలు కాగుతున్న వాసన వస్తోంది. అంతలో అరుగు చివర ఎవరో గొణిగారు. "కాలు పెట్టకముందే తలుపు మూసుకుంది. పిల్ల అడుగు మంచిదేనంటావా?"

ఆ మాట రామతులసి గుండెలో ముల్లులా దిగింది. పాలు మాడితే ఆ పేరు జన్మంతా తన మీదే ఉంటుంది. చెయ్యి వేస్తే దొంగ అంటారు, పైగా అమ్మ మీద ఒట్టు. కళ్ళనిండా నీళ్ళు తిరిగి పిన్ని వైపు చూసింది. అంతవరకూ వద్దు వద్దని కళ్ళతోనే అదిలిస్తున్న సంపూర్ణమ్మకి ఆ గొణుగుడు వినబడింది, ఎక్కడలేని కోపం వచ్చింది.

"మా అక్క ఒట్టు నేను తీసి గట్టున పెట్టాను. కానియ్యవే!" అంది.

రామతులసి జడలోంచి పిన్నులు రెండు లాగింది. ఒకదాన్ని పంటితో వంచింది. గాజులు మోచేతి దాకా నెట్టుకుంది. "అందరూ ఒక్క క్షణం మాట్లాడకండి" అంది. కొత్తకోడలు అత్తవారికి ఇచ్చిన మొదటి ఆర్డరు అదే!

కొంగుకీ కండువాకీ ముడి ఉంది కదా, ఆమె వంగితే పెళ్ళికొడుకూ వంగాల్సి వచ్చింది. ఇద్దరి తలలూ కప్ప దగ్గర చేరాయి. గొట్టం ఆవగింజంత తిరిగింది.

"వచ్చేసిందా?" అన్నాడు సుబ్బారావు ఊపిరి బిగబట్టి.

"లేదండీ. వచ్చినట్టు నటిస్తోంది."

అతనికి నవ్వాగలేదు. మొగుడూ పెళ్ళాల మొదటి మాటలు అవీ!

"గట్టిగా తిప్పవే!" అంది రావమ్మ వెనకనుంచి.

"గట్టిగా తిప్పితే రాదండీ అత్తయ్యగారూ. వదలాలి."

"వదిలితే ఎట్లా వస్తుందే?"

రామతులసి వేలు వదులు చేసింది. గొట్టం వెనక్కి జారింది, ఒక పిన్ను కింద పడింది. దాన్ని మళ్ళీ ఎక్కించింది. ఇంకాస్త వదిలింది. టక్!

కుడికాలు ముందు పెట్టి గడప దాటి, కొంగు ముడితో మొగుణ్ణి ఈడ్చుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. ఆమె చూస్తుండగానే పాలు నురగలు కక్కుతూ పొంగాయి. మాణిక్యం ఏడుస్తూనే నవ్వింది. కానీ అందరి చూపులూ కొత్తకోడలి చేతుల మీదే ఉన్నాయి. రావమ్మ ఓడ తాళాన్ని గొళ్ళెం నుంచి తీసి చేతపట్టుకుంది.

భోజనాలయ్యాక పిలుపు వచ్చింది. రావమ్మ ఒళ్ళో ఓడ తాళం పెట్టుకుని కూర్చుంది. "ఎక్కడ నేర్చావు ఇది?" అంది.

రామతులసి దాచకుండా అంతా చెప్పింది. గొడుగు ఊచలూ, వానాకాలమంతా పట్టిన కుస్తీ, అమ్మ మీద ఒట్టూ. "ఇంట్లో ఏది కనపడకపోయినా నన్నే అనుమానిస్తారని మా అమ్మ భయమండీ" అంది.

రావమ్మ కప్పని టక్కున నొక్కి కోడలి చేతిలో పెట్టింది. "ఇందాక నీ చెయ్యి అడ్డమొచ్చి సరిగ్గా చూళ్ళేదు. మళ్ళీ తియ్యి" అంది.

పిన్ని విజయవాడ వెళ్ళి జరిగింది చెప్పడమే ఆలస్యం, పద్మావతమ్మ అరిసెల బుట్ట పట్టుకుని, దారి పొడుగునా వెంకటప్పయ్యని సాధిస్తూ మైలవరం చేరింది. వియ్యపురాలి కాళ్ళయినా పట్టుకుందామని మెట్లెక్కింది.

అరుగు మీద రావమ్మ కాళ్ళు బారచాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో కప్ప, చేతిలో పిన్ను, కళ్ళు మూతలు. పక్కన రామతులసి వంగి చూస్తోంది.

"వదినగారూ, మా పిల్ల తెలియక..." అంటూ మొదలుపెట్టింది పద్మావతమ్మ.

"ష్! కాస్త ఆగండి వదినగారూ" అంది రావమ్మ కళ్ళు తెరవకుండా. "నడుము పిన్ను మీదున్నాను."

"ఇంకాస్త వదలండి అత్తయ్యగారూ" అంది రామతులసి.

టక్! రావమ్మ వేసిన కేకకి దూలం మీద పిచ్చుకలు లేచిపోయాయి. అప్పుడు కళ్ళు తెరిచి వియ్యపురాలిని చూసింది. "ఇంత చక్కని విద్య ఉన్న పిల్లకి ఒట్టేంటండీ, అన్యాయం కాకపోతే! ముందు ఆ ఒట్టు మీ నోటితో తీసెయ్యండి."

పద్మావతమ్మ అరిసెల బుట్ట కిందపెట్టి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "తీసేశాను వదినగారూ, తీసేశాను" అంది, నవ్వో ఏడుపో తెలియకుండా.